దాచుటయు దాపరికమును

జంషెడ్‌పురములో మేము కాపురముండు పేటకు సీతారాండేరా యని పేరు. డేరా యనగా గుడారము. నేడు పాతి రేపు పెఱికికొని పోదగిన విడిది. తండ్రి మాటకై రాజ్యము విడిచి, పదునాలుగేండ్లు పర్ణశాల వెంట పర్ణశాలను వదలుచు నడచిన సీతారాముల పేరున నొక డేరా యుండుట యుక్తమే గాని, ఆ పేరిటి పేటలో నివసించు మావంటివారి కథ వేఱు. ఇనుము కరగించు కొలువునకై శ్రీకాకుళ విశాఖ మండలములనుండి వచ్చిన మా పెద్దలు, రెండేండ్లుండి నాలుగు రూకలు వెనుక వేసికొని పోదమనుకొనియే టాటానగరు స్టేషనులో దిగిరి. వెనుక వేసికొనుట సాగినది, పోవుట సాగలేదు. వారి మనుమలమైన మేము గుడారమను పేరుగల చోట గోడలు లేపి, గోడలలో బీరువాలు నిలిపి, బీరువాలకు తాళములు వేసికొని కూర్చున్నాము. విడిదిలో నుండువాడు ఎంత దాచుకొనవచ్చును? ఇట్టి పేరుగల పేటలో నున్నవానికి ఈ ప్రశ్న తప్పించుకొన రానిది.

ఒక కార్తికమాసపు సాయంకాలమున మా పొరుగువారింట భాగవతపురాణము జరుగుచుండెను. ఏకాదశస్కంధములో అవధూత యదుమహారాజునకు తన 24 మంది గురువులను పేర్కొను ఘట్టము. భూమియు, సముద్రమును, కొండచిలువయు, తేనెటీగయు ఆయనకు గురువులు. భిక్షువైనవాడు సాయంకాలమునకని గాని మఱునాటికని గాని దాచరాదనియు, దాచినచో తేనెటీగ తన తేనెతో గూడ నశించినట్లు దాచిన దానితో గూడ తానును నశించుననియు పౌరాణికులు శ్రావ్యముగా వివరించిరి. అంతట శ్రోతలలో నొక వృద్ధుడు, కంపెనీలో బ్లాస్ట్ ఫర్నేసు స్టవ్వుల కడ బహుకాలము పనిచేసి విరమించినవాడు, చేతులు జోడించి యిట్లనెను: "పంతులుగారూ, రేపటిమాట అటుంచండి, వచ్చే గంటకి వేడి దాచకపోతే మా ఫర్నేసు నడవదండి. మరి ఇన్నాళ్లూ మేం చేసింది పాపమేనంటారా?" పౌరాణికులు నవ్వి, "ప్రశ్న బాగుంది నాయనా, రేపు చూద్దాం" అనిరి. మఱునాటికి దాచరాదని బోధించిన నోటితోనే సమాధానమును మఱునాటికి దాచుట చూచి సభ యంతయు నవ్వినది; కాని ఆ నవ్వు చల్లారిన పిమ్మట ప్రశ్న మాత్రము నాలో చల్లారలేదు.

ఆ వృద్ధుడు చెప్పినది ఛలోక్తి కాదు. 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోసిన నాటినుండి ఈ పట్టణము బ్రతుకుచున్నది వేడిని దాచు విద్య మీదనే. ఫర్నేసులోనికి ఊదు గాలి చల్లగా నుండరాదు. దానిని వేయి డిగ్రీలకు మించి కాచి పంపవలెను. 1857లో కూపరను ఆంగ్లేయ శిల్పి కల్పించిన స్టవ్వు ఈ పనికై యేర్పడినది. అది యొక పొడవైన గోపురము. లోపల రంధ్రములు గల అగ్నినిరోధకపు టిటుకలు జల్లెడవలె పేర్చబడి యుండును. ఫర్నేసు తలనుండి వెలువడు వాయువునే తెచ్చి యందు మండించి యిటుకలను ఎఱ్ఱగా కాల్తురు. పిదప మంట నార్పి, చల్లగాలిని వాని నడుమనుండి పంపుదురు. ఇటుకలు తాము దాచిన వేడిని గాలి కిచ్చివేసి తాము చల్లబడును. ఒక స్టవ్వు ఇచ్చుచుండగా తక్కినవి పుచ్చుకొనుచుండును. ఇచ్చినది పుచ్చుకొనుటకును, పుచ్చుకొన్నది ఇచ్చుటకును వంతులు మార్చుచుందురు. ఫర్నేసు విడిచిన శ్వాసయే దానికి తిరిగి ప్రాణమగుచున్నది. ఇందులో దాచుట యున్నది, లోభ మెక్కడనున్నది?

మన భాషలో "దాచు" అను క్రియకు రెండర్థములు కలవు. డబ్బు దాచితి నన్నను దాచుటయే, నిజము దాచితి నన్నను దాచుటయే. సంస్కృతమునను ఇట్టి చిత్రమే యున్నది: గుప్తమనగా మరుగుపడినది, గుప్తమనగానే రక్షింపబడినది. ఒకే మాట ఒకవైపు కాపాడుటను, ఒకవైపు కప్పిపుచ్చుటను చెప్పుచున్నది. ఈ రెంటిని విడదీయుటయే నా యుద్దేశము. అందులకు పురాణములకన్న ముందుగా మంచుగడ్డను సాక్ష్యమునకు పిలిచెదను.

వేడిని దాచుటకు రెండు దారులు కలవు. ఒకటి కూపరు ఇటుకల దారి: వస్తువు ఎంత వేడి పుచ్చుకొనునో అంత తానును వేడెక్కును, పుచ్చుకొన్నట్లు లోకమునకు వెంటనే తెలిసిపోవును. రెండవది కరగుటవలని దారి. గ్లాస్గో విశ్వవిద్యాలయమున జోసెఫ్ బ్లాక్ అను రసాయనాచార్యుడు 1762 నాటికి నిర్ణయించి చెప్పినదేమనగా, కరగుచున్న మంచు ఎంత వేడిని మ్రింగినను, తుది ముక్క కరగువఱకు దాని ఉష్ణోగ్రత సున్నను దాటదు. ఒక గ్రాము మంచు సున్న డిగ్రీల వద్ద నీరగుటకు సుమారు 80 కెలోరీలు పుచ్చుకొనును. ఆ 80 కెలోరీలే ఆ గ్రాము నీటి కిచ్చినచో అది సున్ననుండి 80 డిగ్రీల వఱకు కాగును. అంత వేడియు ఎక్కడ పోయినది? ఎక్కడకును పోలేదు, ఉష్ణమాపకమునకు కనబడక, రూపాంతరములో నిలిచి యున్నది, నీరు తిరిగి గడ్డకట్టునాడు ఒక్క కెలోరీయు తగ్గక బయటపడును. దీనికి మన పాఠ్యగ్రంథములు గుప్తోష్ణమను పేరు పెట్టినవి. ఇంతకన్న మంచి పేరు దొరకదు. మరుగుపడియుండుటయు, భద్రముగా నుండుటయు ఒక్కచోట పొసగిన స్థలమిది.

ఈ మాట మనకు కొత్తది కాదు. వేసవిలో సాక్చి బజారునకు పోయి ఒకటిన్నర టన్నుల ఏసీ కావలెనని అడుగువాడు తానొక మంచుగడ్డను కొలుచుచున్నానని యెఱుగడు. యంత్రములకు పూర్వము చల్లదనమును మంచుతోనే కొలిచెడివారు. 2,000 పౌనుల మంచు, అనగా సుమారు 907 కిలోలు, 24 గంటలలో కరగుచు ఎంత వేడిని పుచ్చుకొనునో అది యొక టన్ను చల్లదనము, అనగా సుమారు 3.5 కిలోవాట్లు. 1833లో అమెరికా దేశపు చెరువులలో కోసిన మంచు ఓడలో కలకత్తా చేరినది. చెన్నపట్టణపు సముద్రతీరమున అట్టి మంచును నిలువచేయుటకు కట్టిన ఐస్ హౌసు నేటికిని నిలిచియున్నది. మంచు వర్తకము అడుగంటిన పిమ్మట ఆ యింటనే 1897లో, పడమటి దేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి బస చేసెను. ఆ యేడే రామకృష్ణానందస్వామి ప్రారంభించిన చెన్నపట్టణపు మఠమును ఆ యింట నడచినది. చల్లదనమును దాచిన గోడలు జ్ఞానమునకు విడిది యైనవి.

ఎంత దాచవలెనను ప్రశ్నకు ధర్మశాస్త్రము కొలతలతోనే సమాధానము చెప్పినది. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున గృహస్థులు నాలుగు విధములని యున్నది: గాదె నిండ ధాన్యము గలవాడు కుసూలధాన్యకుడు, కుండ నిండ గలవాడు కుంభీధాన్యకుడు, మూడు దినములకు గలవాడు త్ర్యహైహికుడు, రేపటి కేమియు లేనివాడు అశ్వస్తనికుడు. వీరిలో ముందటివానికన్న వెనుకటివాడు శ్రేష్ఠుడని స్మృతి తీర్పు. గమనింపుడు, గాదె గలవానిని అది పాపి యనలేదు. నాలుగు పరిమాణములను పేర్కొని, చిన్నది మేలన్నది. పరిమాణము చెప్పుట వేఱు, నిషేధించుట వేఱు.

ఇంజనీరునకును ఇదియే చిక్కు. కరగి గడ్డకట్టు పదార్థములలో వేడినో చల్లదనమునో నిలువచేయు పాత్రకు ఎంత పరిమాణ ముండవలెను? వేసవి సాయంకాలమున రెండు గంటలు కరెంటు పోవునని తెలిసిన యొక గదికి ఒక టన్ను చల్లదనము కావలెననుకొందము. 3.5 కిలోవాట్లను రెండు గంటలచే గుణింపగా 7 యూనిట్లు, అనగా సుమారు 25,000 కిలోజౌళ్లు. మంచు గుప్తోష్ణము కిలోకు 334 కిలోజౌళ్లు గనుక సుమారు 75 కిలోల మంచు చాలును. గోడలనుండి చొరబడు వేడికిని, అడుగున కరగక మిగులు ముక్కలకును ఐదవ వంతు చేర్చినచో 90 కిలోలు. మంచు లేక వట్టి చల్లని నీటిని 10 డిగ్రీలు వేడెక్కనిచ్చి ఆ పనియే చేయింపదలచినచో 600 కిలోల నీరు కావలెను. ఎనిమిది రెట్ల బరువు మోయుటకు బదులు రూపము మార్చుకొను వస్తువును ఎన్నుకొనుట యిందలి నేర్పు.

ఈ లెక్కలో వివేకమంతయు మొదటి యడుగున నున్నది. మనము కొలిచినది గదికి కావలసిన మొత్తము చల్లదనమును కాదు, మధ్యాహ్నపు తీవ్రతను కాదు. వచ్చుటకును వలయుటకును నడుమ నున్న యెడమును మాత్రమే. వచ్చునప్పుడే వలసినచో దాచ బనిలేదు; వలసినప్పుడు రానంత మేరకే దాచుట ధర్మము. తిరుమలలో 2002లో సూర్యకిరణములను 106 అద్దపు పళ్లెములతో పట్టి, ఆవిరి పుట్టించి, దినమునకు సుమారు 15,000 మందికి వంట చేయు ఏర్పాటు వెలసినది. ఆ యావిరిని పాత బాయిలర్లతో కలిపియే యుంచిరి. మబ్బు పట్టిన దినమున భక్తుని ఆకలి మబ్బు చాటునకు పోదు గదా! కావలసినదానికిని వచ్చినదానికిని నడుమనున్న ఆ యెడమును ఏదో యొకటి పూరింపవలెను: నిలువయో, కట్టెయో, నూనెయో.

ఇక భయముచే నొకడు 90 కిలోలకు బదులు 300 కిలోలు నిలువచేసె ననుకొందము. దినమునకు 75 కిలోలే కరగును. తక్కిన మంచు ఎవరికిని చల్లదన మీయదు. పైగా దాని చుట్టునుండి వేడి చొరబడుచునే యుండును గనుక, దానిని గడ్డగా నిలుపుటకు యంత్రము రాత్రింబగళ్లు పనిచేయవలెను. మితిమీరిన నిలువకు మిగిలినది కాపలా కూలి యొక్కటే. చిన్నది మేలన్న స్మృతివాక్యమును వైరాగ్యోపదేశమని మాత్రమే యనుకొనుచుంటిని. ఈ లెక్క వేసిన నాటినుండి అది యొక శిల్పి మాటవలెను వినబడుచున్నది.

పరిమాణము కుదిరినంతమాత్రమున పని తీరదు, స్వభావమును కుదురవలెను. ఏ వస్తువు ఏ హద్దున కరగునో అది మన యక్కఱకు సరిపోవలెను. మనసున కంటు వేడి తగిలినప్పుడు కరగక, ఊరక కాగిపోవువాడు ఇటుకవంటివాడు. ఎంత తగిలినను కరగనివాడు ఱాయి. తగినచోట కరగువాడే ఉష్ణమును ఓర్చి చుట్టునున్నవారికి చల్లదన మీయగలవాడు. మఱియొక చిక్కు గలదు. నీరు గడ్డకట్టునప్పుడు మొదట గోడకంటినది గడ్డకట్టును. ఆ గడ్డయే లోపలి నీటికిని గోడకును నడుమ తెరయై, తరువాతి వేడిని బయటకు పోనీయక అడ్డగించును. ధ్రువసముద్రముల మంచును గూర్చి స్టెఫాన్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు చేసిన గణితము ప్రకారము మంచు మందము రెండింతలగుటకు కాలము నాలుగింతలు పట్టును. నిన్న నేర్చినది నేడు నేర్వనీయకుండ అడ్డుపడుట విద్వాంసులలోను చూచుచున్నాము. అందుచేత నేర్పరులు లోతైన యొక్క తొట్టిని కట్టరు. సన్నని గొట్టములు, పలుచని పలకలు, చిన్న గుండ్లుగా విడదీసి, ఏ బిందువును గోడకు దూరము కానీయక యేర్పఱతురు. గాదె యొకటి కన్న కుండలు పది మేలు.

అన్నింటికన్న కఠినమైన పరీక్ష వేఱొకటి కలదు. దాచినది తిరిగి వచ్చునా? 1948లో అమెరికాలోని డోవరు గ్రామమున మరియా టెల్కెస్ అను శాస్త్రజ్ఞురాలు ఎలియనార్ రేమండ్ అను శిల్పిచే ఒక యిల్లు కట్టించెను. పగటి యెండను గ్లాబరు లవణములో దాచి, శీతకాలపు రాత్రులయందు దానితోనే యింటిని కాచుట ఆమె సంకల్పము. ఆ లవణము సుమారు 32 డిగ్రీల వద్ద కరగును. గుప్తోష్ణమునను చవకయందును దానికి సాటి తక్కువ. మొదట పని చక్కగా సాగినది. కాని ఆ లవణము కరగునప్పుడు కొంత భాగము నీటినుండి విడివడి అడుగునకు దిగును. దిగినది తిరిగి నీటితో పూర్తిగా కూడదు. కరగిన ప్రతిసారియు కొంత విడివడి, కొంత మఱచిపోయి, కొన్ని శీతకాలములలోనే ఆ నిలువ తాను పుచ్చుకొన్న దానిని తిరిగి యిచ్చు శక్తి కోల్పోయినది. అట్టి లవణములకు మఱియొక దోషమును గలదు: గడ్డకట్టవలసిన హద్దు దాటి చల్లబడియు గడ్డకట్టక ద్రవముగానే నిలిచియుండును, వేడి లోపలనే యుండి అక్కఱకు రాకపోవును. అందులకు టెల్కెస్ అమ్మగారే 1952లో ఉపాయము చూపిరి. కొంచెము వెలిగారము కలిపినచో ఆ చిన్న రేణువుల నాశ్రయించి ద్రవము గడ్డకట్టుటకు మొదలిడును. ధనమున్నవానికి దానబుద్ధి యుండియు, మొదటి చేయి చాపుటకు ప్రేరణ లేక కూర్చుండుట మనమెఱిగినదే. అట్టివానికి ఒక చిటికెడు సత్సంగము వెలిగారము.

ఈ లెక్కలను మించి నా మనస్సున నాటిన దృశ్య మొకటి కలదు. ఝార్ఖండు పల్లెలలో టీకాల దినమున నర్సు భుజమున తగిలించుకొని వచ్చు పెట్టెలో నాలుగు మంచు పొట్లము లుండును. సహియా యని యిక్కడ పిలువబడు ఆరోగ్య కార్యకర్త పసిబిడ్డల తల్లులను కూడగట్టును. ఆ టీకాలు 2 డిగ్రీలకును 8 డిగ్రీలకును నడుమ నుండవలెను. వేడి తగిలినను చెడును, కొన్ని గడ్డకట్టినను చెడును. అందుచేత గడ్డకట్టించు యంత్రమునుండి తీసిన మంచు పొట్లమును వెంటనే యుపయోగింపరు. కొంతసేపు బయట నుంచి, చెవియొద్ద ఆడించి, లోపల నీరు కదలిన చప్పుడు వినబడిన పిదపనే టీకాల పక్కన పెట్టుదురు. గట్టిగా బిగిసిన మంచు టీకాను రక్షింపజాలదు, చంపును. కరగ మొదలిడిన మంచుమాత్రమే సున్న హద్దును పట్టుకొని నిలుచును. ఎండలో పది మైళ్లు నడచినను ఆ హద్దు చెదరదు. బిడ్డకు పొడుచు టీకాలోని ప్రాణమును కాచుచున్నది తాను కరగుచు నిలిచిన యా మంచు.

ఇంత విచారించిన పిదప పురాణమునకు మరలెదను. తేనెటీగను చూపి దాచవలదన్న అవధూతయే సముద్రమును గురువుగా చేసికొనెను. వర్షకాలమున నదులన్నియు వచ్చి పడినను అది పొంగదు. వేసవిలో అవి యెండిపోయినను అది యింకదు. సముద్రము దాచలేదా? దానికన్న దాచినవారు లేరు. కాని పుచ్చుకొన్నదానిచే అది తన మట్టము పెంచుకొనలేదు. మేఘములకు తిరిగి యిచ్చుట మానలేదు. తేనెటీగ దోషము నిలువ చేయుటలో లేదు. తన తుట్టెను ఎవ్వరికిని తెఱవకుండుటలో నున్నది. భిక్షువునకు చెప్పిన మాటను గృహస్థునకు తెచ్చి అంటగట్టుటయు న్యాయము కాదు. రేపటికి లేనివాడు ఏ యింట భిక్ష పుచ్చుకొనునో ఆ యింట కుండలో ధాన్యముండవలెను గదా. ఒక స్టవ్వు చల్లబడి పుచ్చుకొనుచుండుటకు మఱియొకటి వేడెక్కి ఇచ్చుచుండుట కారణము.

దాచకపోవుటయే త్యాగమని యనుకొనుటయు పొరపాటే. మా చిన్ననాట రాత్రివేళ కరగిన లోహమలమును పాఱబోయునప్పుడు ఈ పట్టణపు టాకాశ మెల్ల ఎఱ్ఱబడుచుండెడిది. పిల్లలము మిద్దెలెక్కి చూచి ఆనందించుచుంటిమి. ఆ వెలుగంతయు గడ్డకట్టుచున్న మలము వదలిన వేడి. ఒక్క కుండ నీరైనను దానిచే కాగలేదు. దానిని ఎవ్వరును దాచలేదు, ఎవ్వరికిని ఈయలేదు. అది త్యాగమైనచో చిల్లికుండయు త్యాగియే.

మఱునాటి పురాణమున పౌరాణికులు ఆ వృద్ధుని వైపు తిరిగి ఒక్కటే యడిగిరి: "నీ స్టవ్వు ఎంతసేపు దాచుకునేది, నాయనా?" వృద్ధుడు తడబడక, "వంతు వచ్చేదాకానండి" అనెను. పౌరాణికులు తల పంకించి పుస్తకము విప్పిరి. నాకు ఆ సమాధానమే సిద్ధాంతముగా తోచినది. పాఠకులు తమ యింటి గాదెను, బ్యాంకు పుస్తకమును, విద్యను, కోపమును గూడ ఈ కొలతతోనే చూచుకొందురు గాక: ఇది ఏ రాత్రి కొఱకు, దీని వంతు ఎప్పుడు? ఈ రెంటికి జవాబున్నచో అది దాచుట; లేనిచో దాపరికము.